రాతి ముద్రలకు పెట్టెలు కొట్టిన రోజు

మొన్న టీవీలో ఒక నాయకుడు తవ్వకాల గుంత దగ్గర నిలబడి, ఈ కుండపెంకులే మన వేల యేళ్ళ గొప్పతనానికి సాక్ష్యమని అంటుంటే ఇంట్లో అందరూ మురిసిపోయారు. నేను మాత్రం లేచి వాకిట్లోకి వచ్చేశాను.

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది నేను జగిత్యాల నుంచి వెళ్ళి, అక్కడి ఖైతాన్ పేటలో మా బావ దగ్గర వడ్రంగం చేస్తున్నాను. పనుల్లేక, ఊరికి పోయే దారి దొరకక దుకాణంలో కూర్చున్న ఒక పొద్దున సిపాయిలు వచ్చి, రంపాలు సుత్తెలతో సహా మా ఇద్దరినీ లారీ ఎక్కించారు. చంపడానికే అనుకున్నాను. తీరా దింపింది మ్యూజియం ముందు.

లోపల అద్దాల బీరువాలన్నీ తెరిచి ఉన్నాయి. బాగ్దాద్ నుంచి వచ్చిన, కోటు వేసుకున్న అధికారి ఒకడు గోరంత పాతకాలపు రాతి ముద్రలను చూపిస్తూ ఏదో చెప్పాడు. అరబ్బీ వచ్చిన బావ నా చెవిలో, "ఇవన్నీ వాళ్ళ తాతలనాటివట. ఈ దేశమే వాళ్ళదట. సొంతింటికి తీస్కపోతున్నమంటున్నడు" అన్నాడు. వాళ్ళు తాళాలు లాక్కున్న కావలి ముసలాయన మూలన కూర్చుని ఉన్నాడు. మొన్నటిదాకా ఆ ముద్రలే బడిపిల్లలకు చూపించి, 'మన దేశం ఇంత పాతది' అని చెప్పడం ఆయన ఉద్యోగమట.

వీళ్ళకు దక్కనివ్వకూడదని, దారిలో పగిలిపోనీ అని, వాటి కోసం మమ్మల్ని చేయమన్న చెక్కపెట్టెను వదులుగా కొట్టాను. ముసలాయన గమనించాడు. లేచి వచ్చి, తన తలగుడ్డ తీసి పెట్టెలో పరిచి, వచ్చీరాని హిందీలో "బేటా, మజ్బూత్ కరో. పత్థర్ కా క్యా కసూర్?" అన్నాడు. గట్టిగా చెయ్యి, రాయి చేసిన తప్పేముందన్న ఆ మాటకు నేను మేకులు పీకి మళ్ళీ గట్టిగా బిగించాను.

ఆయన తలగుడ్డ పరవడం చూసి అధికారి, ఇవి ఎవరివో చెప్పమని ఆయన్ను నిలదీశాడు. కువైట్‌వి అన్నాడు ముసలాయన, మెల్లగానే. ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టి బయటికి తీసుకుపోయారు. "తల ఎత్తకు, నీ పని నువ్వు చెయ్యి" అని బావ నా భుజం నొక్కాడు. నేను ఎత్తలేదు. జీపు కదిలిన చప్పుడు వినబడకుండా ఇంకా గట్టిగా కొట్టాను.

ఎలాగో ఊరు చేరినా, యుద్ధం ముగిశాక మళ్ళీ కువైట్‌కే వెళ్ళాను. తీసుకుపోయినవాటిలో చాలా వస్తువులు తిరిగొచ్చాయి. కొత్త అద్దాల వెనక, కొత్త దీపాల కింద, ఏ ముద్ర ఎన్ని వేల యేళ్ళదో రాసిపెట్టారు. ఒక సెలవురోజు పోయి చూశాను. అక్కడి కుర్రవాణ్ణి, వెనకట ఇక్కడ కావలి ఉన్న ముసలాయన ఏమయ్యాడని అడిగితే, పేరేమిటన్నాడు. ఆ ఒక్కరోజూ చాచా అన్నానే తప్ప, ఆయన పేరు నేను అడగలేదు.