కొండ దిగాల్సిన మాంసానికి సంచి

కువైట్‌లోని షువైఖ్‌లో గుడారాలమ్మే దుకాణాల వరసలో ఒకదాని వెనకవైపు, ఏసీ గాలి అందని మూల బాలసుబ్బయ్య కుట్టుబల్ల ఉంది. ముందువైపు అద్దాల షోరూము. ఎడారి క్యాంపులకు కావలసిన మడత కుర్చీలు, లాంతర్లు, పొయ్యిలు అక్కడ అమ్ముతారు. పంతొమ్మిదేళ్లుగా ఆయన ఆ మూలనే ఉన్నాడు.

ఆయనకు కుట్టు నేర్పిన గురువంటూ లేడు. లక్కిరెడ్డిపల్లె దగ్గర సొంతూళ్లో శనక్కాయల లారీల మీద కప్పే పట్టలు చిరిగితే దబ్బనంతో అతుకు వేసేవాడు. కువైట్‌కు మాత్రం గుడారాలు పాతే కూలీగా వచ్చాడు. గాలికి చిరిగిన గుడారాన్ని ఒక్కో కుట్టూ విప్పి, దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూసి, మళ్లీ అలాగే కుట్టి పని పట్టుకున్నాడు. నాలుగు మడతల కాన్వాసును కూడా ఎగుడు దిగుడు లేకుండా కుట్టగలడు. ఇసుక దూరని అతుకు కావాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ఈమధ్య ఆ రావడం తగ్గింది. గుడారాలు తయారై పెట్టెల్లో దిగుతున్నాయి. చిరిగితే పారేసి కొత్తది కొంటున్నారు. సెప్టెంబరులో దుకాణం యజమాని, ఆయన వీసాకు పూచీ ఉన్న కఫీల్, కుట్టుబల్ల దగ్గరికి వచ్చి, తనకు వచ్చిన హిందీలో ఉన్నమాట చెప్పేశాడు.

"బాలా, నీ ఇఖామా డిసెంబరులో అయిపోతుంది. ఈ బల్ల మీద పని లేకపోతే ఇక్కడ అలమరాలు పెట్టిస్తా. నువ్వు మంచోడివి. కానీ పని లేదు."

బాలసుబ్బయ్య తల ఊపాడు. ఇఖామా పొడిగించకపోతే ఈ దేశంలో ఉండే అనుమతి పోయినట్టే. ఊరికి పోవడానికి ఆయనకు భయమేమీ లేదు. కానీ యాభై మూడేళ్ల వయసులో చెయ్యి ఇప్పుడే కుదురుకుందని ఆయన నమ్మకం. అలాంటి మిషనూ, అలాంటి పనీ ఊళ్లో దొరకవు. అక్కడికి పోతే మళ్లీ దబ్బనమే.

అక్టోబరు రెండోవారంలో బూ నాసర్ అనే ఆసామి మూడు వీపు సంచులు మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు. ఆయన కఫీల్ స్నేహితుడు. వేట పిచ్చి ఉన్నవాడు. ఏటా పర్మిట్ తీసుకుని కిర్గిజిస్థాన్ కొండల్లో అడవి మేకల వేటకు పోతాడు. బండి క్యాంపు దాకానే పోతుంది. ఆపైన నడకే. నిరుడు ఒక మేకను కొట్టాడు గానీ, వీపు సంచిలో పట్టినంత తెచ్చి మిగతా మాంసం కొండ మీదే వదిలేశాడు. ఆ సంగతి తెలిసి వాళ్ల నాన్న వారం రోజులు మాట్లాడలేదట.

"కిందికి మోసుకు రాలేనివాడు తుపాకీ ఎత్తకూడదు అన్నాడు మా నాన్న," అన్నాడు బూ నాసర్. "పొద్దున నీళ్లు, కోటు, రొట్టె పెట్టుకుని తేలిగ్గా ఎక్కాలి. దిగేటప్పుడు అదే సంచిలో మాంసం దిగాలి. ఈ మూడింట్లో ఏది తీసుకుపోను? నువ్వే చూసి, కావలసినట్టు మార్చి పెట్టు. మూడు వారాల్లో ప్రయాణం."

కఫీల్ పక్కనే నిలబడి ఒక మాట కలిపాడు. "బాలా, సాయంత్రాలు ఈయన దివానియాలో కబుర్లకు కూర్చునే పదిమందీ వేటగాళ్లే. ఈయనకు నచ్చితే నీ బల్లకు పని. నచ్చకపోతే ఖలాస్."

మూడు సంచుల్లో ఒకటి పెద్దది, నల్లది, జేబులే జేబులు. రెండోది చిన్నది, నీళ్లగొట్టం పెట్టుకునేది. మూడోది మట్టిరంగుది. చూడ్డానికి పెద్దగా లేదు. వీపు వైపు రెండు అల్యూమినియం కడ్డీలు, పక్కల పొడుగాటి పట్టీలు వేలాడుతున్నాయి.

షోరూములో అమ్మకాలు చూసే నాగరాజు వచ్చి నల్లసంచిని తట్టాడు. అతనిది కడప. ఏ వస్తువైనా చేతిలోకి తీసుకోకముందే దాని గొప్పతనం చెప్పగలడు.

"దీన్ని మించిన బ్యాగు లేదు పెద్దాయనా. డెబ్బై లీటర్లు. ఏనుగును కూడా పెట్టొచ్చు."

"నువ్వెప్పుడన్నా మోసినావా?"

"అమ్మేటోడు మోయాల్నా ఏంది?"

"మోసినోడు చెప్తే ఇంటా," అన్నాడు బాలసుబ్బయ్య. కానీ తనూ నల్లసంచినే తీశాడు. మాంసమంటే బరువు, బరువుకు చోటు కావాలి అనుకున్నాడు. పైగా ఆయన గుడారాల మనిషి. నెత్తురు కారకుండా, దుమ్ము దూరకుండా లోపల ప్లాస్టిక్ పూత గుడ్డతో అస్తరు వేశాడు. ప్రతి అతుకు మీదా టేపు అంటించాడు. లోపల నీళ్లు పోసి తలకిందులు చేస్తే చుక్క రాలలేదు. ఆ రోజు ఆయనకు తృప్తిగా నిద్ర పట్టింది.

అయినా తను మోసి చూడని సంచిని ఇవ్వడానికి మనసు ఒప్పలేదు. ఆయన ఉండేది ఫర్వానియాలో, ఆరుగురు కలిసి తీసుకున్న గదిలో. వాళ్లలో మునాఫ్‌ది రాయచోటి, ఫర్వానియా మార్కెట్లో మాంసం కొట్టులో పని. కువైట్‌లో కొండ లేదు గానీ వాళ్ల బిల్డింగుకు ఎనిమిది అంతస్తుల మెట్లున్నాయి. శుక్రవారం వంటకు గదిలో అందరూ కలిసి ఒక పొట్టేలుకు డబ్బులు వేసుకున్నారు. మునాఫ్ దాన్ని కోసి, వెచ్చదనం ఆరకముందే పొద్దున ఆరింటికి తెచ్చాడు. ఇరవై కిలోల పైమాటే. బాలసుబ్బయ్య దాన్ని నల్లసంచిలో పెట్టి, జిప్పు వేసి, మెట్లు ఎక్కడం దిగడం మొదలుపెట్టాడు.

"అన్నా, లిఫ్టు బాగానే ఉండాదే," అన్నాడు మునాఫ్ మూడో అంతస్తు దగ్గర ఎదురై.

"కొండకు లిఫ్టు ఉంటాదా?"

"కొండ మీద మా కూర కూడా ఉండదు కదన్నా. జాగ్రత్త."

రెండోసారి ఎక్కేటప్పటికే మాంసం సంచి అడుగుకు జారి ముద్దయింది. బరువంతా నడుము కిందికి దిగి, వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టుంది. భుజాల పట్టీలు కోసుకుపోతున్నాయి. అయినా వదల్లేదు. పది గంటలకు గదిలోకి వచ్చి జిప్పు తీశాడు. లోపలి నుంచి ఆవిరి కొట్టింది. అస్తరంతా చెమట పట్టినట్టు తడి. మునాఫ్ వంగి ఎముక దగ్గర వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"పోయిందన్నా. వేడి వేడి మాంసాన్ని మూతేసి ఉడకబెట్టినావు."

"చుక్క నీళ్లు పోకుండా కుట్టినా కదప్పా."

"అదే తప్పు. గుడారంలో మనిషి ఉంటాడు, తలుపు తీసుకుని బయటికొస్తాడు. మాంసానికి తలుపు యాడుండాది? అది చల్లారాల, గాలి తగలాల. మా కొట్లో పల్చటి గుడ్డ చుట్టి యాలాడదీస్తాం. ప్లాస్టిక్కులో పెడితే మా కొట్టు చూసే ముదీర్ చెయ్యిరగ్గొడతాడు."

ఆ శుక్రవారం గదిలో అందరూ పప్పు తిన్నారు. ఒక్కరూ పెద్ద మాట అనలేదు గానీ, పప్పు వడ్డించినప్పుడల్లా ఎవరో ఒకరు, "ముక్క తగల్లేదు సుబ్బన్నా, ఇంకో గరిటె ఎయ్యి," అంటూనే ఉన్నారు.

ఇంక రెండు వారాలే ఉంది. బాలసుబ్బయ్య మర్నాడు బల్ల దగ్గర కూర్చుని అస్తరంతా పీకేశాడు. పెద్ద సంచిలో చోటుంది గానీ బరువును వీపుకు ఎత్తి పట్టే ఎముక లేదు. చిన్న సంచిలో మాంసం పట్టదు. ఇక మట్టిరంగు సంచిని ముందుకు లాక్కున్నాడు.

దాని పక్క పట్టీలు చూసి నాగరాజు నవ్వాడు. "ఇదేంది పెద్దాయనా, తోకల మాదిరి. కాళ్లకు తగుల్కుంటే బూ నాసర్ కొండ మీంచి దొర్లుతాడు. కత్తిరించి పారెయ్."

బాలసుబ్బయ్యకూ అదే తోచింది. వేలాడే పట్టీ ఆయనకు కంటికి నచ్చదు. కత్తెర తీసుకుని, ఒక పట్టీని రెండు మొనల మధ్య పెట్టి ఆగిపోయాడు. సంచి మిగతా భాగమంతా చూశాడు. ఎక్కడా అంగుళం గుడ్డ వృథా లేదు. మడతల దగ్గర కూడా పొదుపుగా కోశారు. కుట్టు పూర్తయిన చోట దారం మూడుసార్లు వెనక్కి తిప్పి ఆపారు. ఇంత లెక్కగా కుట్టినవాడు ఆరు పట్టీలకు ఒక్కోదానికి మూరెడు చొప్పున ఊరికే వదిలిపెడతాడా? ఆ మనిషి ఎవరో, ఏ దేశంలో కూర్చుని కుట్టాడో తెలియదు. కానీ ఏదో చెప్పాలనుకున్నాడు. పట్టీ అంత పొడుగు ఉందంటే అది ఏదో చుట్టుకు రావాలి.

కత్తెర పక్కన పెట్టి, పట్టీల కొక్కేలు ఒక్కొక్కటీ వదులు చేశాడు. సంచి కడ్డీల నుంచి దూరంగా జరిగింది. కడ్డీలకూ సంచికీ మధ్య జానెడు ఖాళీ ఏర్పడింది. అడుగున, గుడ్డ మడతలో దాగి ఉన్న ఒక గట్టి నాలుక బయటికి వచ్చి అరలాగా నిలిచింది. మాంసం సంచి లోపల పెట్టేది కాదు. కడ్డీలకూ సంచికీ మధ్య పెట్టి, పట్టీలతో బిగించేది. పొద్దున పట్టీలు లాగేస్తే చిన్న సంచి. సాయంత్రం వదులు చేస్తే మోత సంచి.

"అరె," అన్నాడు నాగరాజు. ఆ ఒక్కసారి వస్తువును చేతిలోకి తీసుకుని చూశాడు.

మిగతాది బాలసుబ్బయ్యకు తెలిసిన పనే. మునాఫ్ చెప్పినట్టు గాలి ఆడే పల్చటి నూలు గుడ్డతో నాలుగు సంచులు కుట్టాడు. మాంసం జారి ముద్ద కాకుండా వాటిని సన్నగా, పొడుగ్గా చేశాడు. వీపు వైపు మాత్రం విప్పి కడుక్కోవడానికి వీలుగా ఒక ప్లాస్టిక్ పూత తెర పెట్టి, పక్కలు తెరిచి ఉంచాడు. నడుము పట్టీ పలచగా ఉందని ఇంకో వరస స్పాంజి వేశాడు. బూ నాసర్‌ను పిలిపించి, మెడ ఎముక నుంచి నడుము ఎముక దాకా టేపు పెట్టి కొలిచి, భుజాల పట్టీలు రెండంగుళాలు కిందికి మార్చాడు.

"మనిషికి కొలత తీస్తున్నావేంటి? సంచికి కదా?" అన్నాడు బూ నాసర్.

"మోసేది మీరు కదా బాబా."

రెండో పరీక్షకు పొట్టేలు అడిగితే గదిలో ఎవరూ ఒప్పుకోలేదు. మునాఫే పూచీ తీసుకున్నాడు. మాంసాన్ని కొట్టు చల్లగదిలో వేలాడదీసి వేడి పోగొట్టి తెచ్చాడు. కొండ మీద ఆ పని చలిగాలి చేస్తుందన్నాడు. నూలు సంచుల్లో నింపి, వీపుకు దగ్గరగా, భుజం ఎముకల మధ్యకు ఎత్తి బిగించారు. బాలసుబ్బయ్య లేచి నిలబడితే బరువు నడుము మీద కూర్చుంది. భుజాలు తేలిగ్గా ఉన్నాయి. ఎనిమిది అంతస్తులు ఆరుసార్లు ఎక్కి దిగాడు. బిల్డింగు కాపలా చూసే ఈజిప్టు మనిషి తన కుర్చీ మెట్ల పక్కకు జరుపుకుని, ప్రతిసారీ వేళ్ల మీద లెక్క చూపించాడు. మాంసం పైపొర పొడిగా, చల్లగా ఉంది. మునాఫ్ వాసన చూసి కత్తి అందుకున్నాడు. ఆ మధ్యాహ్నం రెండు పక్క గదులవాళ్లు కూడా వచ్చి తిన్నారు.

బూ నాసర్ నవంబరు మొదట్లో వేటకు బయల్దేరాడు. మూడు వారాలు ఏ కబురూ లేదు. కఫీల్ అలమరాలవాడిని పిలిపించి వెనక మూల కొలతలు తీయించాడు. బాలసుబ్బయ్య బల్లను కొంచెం పక్కకు జరిపి అతనికి టేపు రెండో కొస పట్టుకున్నాడు. కొలత తప్పుగా రాసుకుంటుంటే సరిదిద్దాడు కూడా.

నెలాఖరున బూ నాసర్ వచ్చాడు. మొహం చలికి, ఎండకు పొట్టు రేగింది. మట్టిరంగు సంచిని బల్ల మీద పెట్టాడు. అంతా మరకలు, గీతలు. కడ్డీలు నిలిచాయి. కుట్లు నిలిచాయి.

"రెండు విడతల్లో మొత్తం దించాం," అన్నాడు. "కొమ్ములు, తల, మాంసం. ఎముకలు తప్ప కొండ మీద ఏమీ వదల్లేదు. నాన్నకు ఫోనులో చూపించా. మాట్లాడాడు."

బాలసుబ్బయ్య సంచిని తిప్పి చూస్తున్నాడు. "ఇబ్బంది ఏమన్నా?"

"ఉంది. నువ్వు వేసిన నడుము స్పాంజి చెమట పీల్చుకుంది. తెల్లవారి చూస్తే గడ్డకట్టి రాయైంది. గంటసేపు పొట్టకు రాయి కట్టుకుని నడిచినట్టే." ఆయన చెయ్యి బయటికి చూపించాడు. "బండిలో ఇంకా నాలుగు సంచులున్నాయి. మా వాళ్లవి. నలుగురూ నాలుగు ఎత్తులు. కొలతలు నువ్వే తీసుకోవాలి."

 కఫీల్ బాలసుబ్బయ్య వైపు చెయ్యి చాపాడు. "నీ సివిల్ ఐడీ ఇవ్వు. రేపు మన కాగితాలు చూసే మందూబ్ ఆఫీసుకు పోతాడు. ఇఖామా రెండేళ్లకు రాయిస్తా. అలమరాలు ముందువైపు పెట్టుకుంటాం."

బాలసుబ్బయ్య జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు గానీ, కళ్లు నడుము పట్టీ మీదే ఉన్నాయి. బొటనవేలితో స్పాంజిని నొక్కి వదిలాడు. నీళ్లు పీల్చని రకం ఒకటి పడవల సామాను అమ్మేచోట చూసిన గుర్తు.

"బాబా, ఒకసారి మార్కెట్‌కు పోవాల. స్పాంజి నేనే చూసి తేవాల. ఫోనులో చెప్తే వేరేది పంపిస్తారు."

నాగరాజు అప్పటికే షోరూములో ఎవరికో ఆ సంచి గొప్పతనం చెబుతున్నాడు. కఫీల్ అతని వైపు చూసి, మళ్లీ ఇటు చూసి, బల్ల మీది తన కారు తాళం తనే అందుకున్నాడు.

"యల్లా, నేను తీసుకుపోతా పద."