భావనపాడులో గాలి లేని ఉదయం

విశాఖలో మా చిన్న కంపెనీ డ్రోన్లు తయారుచేస్తుంది. సముద్రంలో దారితప్పిన పడవల్ని వెతికి చూపిస్తే రేపు రక్షణశాఖ కూడా కొంటుందని మా ఆశ. భావనపాడు తీరంలో ఒకసారి ఎగరేసి రమ్మని నన్ను పంపారు. పలాస జీడిపప్పు, సముద్రస్నానం కూడా కలిసొస్తాయని హుషారుగా బయల్దేరాను.

నేనెక్కిన రైలు భావనపాడుకు దగ్గరి స్టేషనైన నౌపడలో ఆగదు కనుక పలాసలో దిగి, రాత్రికి స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాను. తెల్లవారగానే బస్సులో టెక్కలి. అక్కడి షేర్ ఆటోలు నిండితే గాని కదలవు, అందుకే నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. నౌపడ ఉప్పుమళ్ళ మీదుగా పోయే ఆ దారి కోసమైనా ఒకసారి వెళ్ళాలి. డ్రైవరు నా పెట్టెలో ఏముందో అడిగి తెలుసుకుని, "మనోల్లే సేసినారా బావా?" అన్నాడు. మనవాళ్ళే అన్నాను. నిజానికి మోటార్లు, లోపలి బోర్డు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అన్నీ విదేశాలవే. మేం చేసింది పైడొప్ప. దానిమీద మువ్వన్నెల స్టిక్కరు అంటించింది నేనే.

ఎనిమిదింటికల్లా తీరంలో ఉన్నాను. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళలో పోలమ్మ అనే ఆవిడ భర్త రాత్రి వేటకు వెళ్ళాడట. మిగతా పడవలన్నీ వచ్చాయి, ఆయనది రాలేదు. ఆవిడ ఇంట్లోంచి పసుపు, కుంకుమ తెచ్చి డ్రోన్‌కు బొట్టు పెట్టింది.

"కొత్త పడవ నీటిలోకి దింపినపుడు ఇలగే సేత్తాం బాబూ. ఓపాలి ఎగరేసి మా మావ పడవెక్కడుందో సూడు."

మీట నొక్కాను. రెక్కలు తిరగలేదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు నిలిపివేశామని తెరమీద కనిపించింది. బోర్డు అమ్మిన దేశం ఎగుమతులు ఆపేసిందని మాకు ముందే తెలుసు. ముందే కొన్నవాటి జోలికి రారులే అనుకున్నాం. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఏదో ఒకటి చెప్పి వచ్చెయ్యమన్నారు.

"గాలి ఎక్కువగా ఉందమ్మా, ఎగరదు," అన్నాను.

అందరూ సముద్రం వైపు చూశారు. అల లేదు. పొయ్యి పొగ నిటారుగా లేస్తోంది. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి అంతకుముందు చూడలేదు, ఆ రోజు నేనే అయ్యాను. పోలమ్మ పక్కింటివాళ్ళను బతిమాలి వాళ్ళ పడవను పంపించింది.

మధ్యాహ్నానికి వాళ్ళు ఇంజను చెడిన పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. మనిషి క్షేమం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కోసమో, నాకోసమో చెప్పలేను. పోలమ్మ నన్ను వదలకుండా ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది. తల ఎత్తకుండా తిన్నాను. ఆటో ఎక్కుతుంటే దగ్గరికొచ్చి, "గాలి లేనపుడు ఇంకోపాలి రా బాబూ," అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు.

మనలాంటి దేశాల్లో విమానాలు, ఆయుధాలు చేసే కంపెనీల్లో మాలాంటివి ఇంకెన్నో. పైన పటారం, లోన లొటారం. తాళంచెవి పరాయివాడి చేతిలో ఉన్నంతకాలం వాడికి కోపమొస్తే మనం నేలమీదే. ఇది మీటింగుల్లో నేను సిగ్గుపడకుండా చెప్పగలను. తన మనిషి కోసం ఏడుపు దిగమింగుకుని నిలబడ్డ ఆవిడతో మాత్రం నిజం చెప్పలేకపోయాను. ఆ పసుపు బొట్టు స్టిక్కరుమీద ఇంకా ఉంది. తుడవడానికి చెయ్యి రావడం లేదు.

మీరు వెళ్తే ఉదయం ఎనిమిదిలోపే చేరుకోండి. ఆ వేళ అక్కడ గాలి ఉండదు.