డీజిల్ బుడ్డలు

మా పెదనాయన ఆళ్లగడ్డలో మాట్లాడితే నంద్యాలలో కోళ్లు నిద్రలేచేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అడవి ఆముదం గింజల నూనెతో లారీలు నడుస్తాయనీ, పొగ తగ్గుతుందనీ ఆయన ఏదో మీటింగులో విన్నాడు. అంతే, బుడ్డలు, అంటే వేరుశనగ, పండే చేనంతా అడవి ఆముదం నాటేశాడు. బిడ్డ నుదురు తాకినట్టు మట్టి మీద చెయ్యి పెట్టి, "భూమికి జరమొచ్చిందప్పా! దిగాలంటే మన డీజిల్ బుడ్డలే మందు" అనేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే. మేమంతా పడిపడి నవ్వేవాళ్లం.

కాయలు కోసే కూలామె కొడుకు, ఐదేళ్లవాడు, బుడ్డలన్న మాట విన్నాడు. డీజిల్ సంగతి వాడికేం తెలుసు? ఆ గింజలు గుప్పెడు తిన్నాడు. ఒకటే వాంతులు. పెదనాయన వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, భూమి జరం ఇంకాస్త పెరిగేంత పొగతో ట్రాక్టరును నంద్యాల ఆసుపత్రికి తోలించాడు. వాడు బతికాడు.

మరుసటి వానలకు చెట్లన్నీ పీకించి బుడ్డలు వేశాడు.

"ఏందప్పా, భూమికి జరం తగ్గిందా?" అంది కూలామె.



బుడ్డలు పెరికిన రోజు, పెదనాయన ఉడకబెట్టినవి దోసిట్లో పట్టుకుని పిల్లవాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తిను నాయనా, ఇవి మంచివి."

వాడు తల్లి వెనక్కి నక్కాడు. "ముందు నువ్వు తిను."

పెదనాయన ఒకటి నమిలి మింగి, నోరు తెరిచి, నాలుక చాపి చూపించాడు.

పిల్లవాడు కదల్లేదు. పెదనాయన నోరు మూయలేదు.