అడవిదున్న కోసం కొన్న తుపాకి

గల్ఫ్ దేశంలో, మిర్కాబ్ బజారులో మా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తగానే నేను మొదట చేసే పని దేవుడికి దండం పెట్టడం కాదు, మిషన్లకు నూనె వేయడం. డబ్బా మూతి వంచి ఒక్కో రంధ్రంలో రెండేసి చుక్కలు వదిలి, చక్రాన్ని చేత్తో నాలుగు తిప్పులు తిప్పితే, పాత ఇనుమూ కొత్త నూనే కలిసి ఒక వాసన లేస్తుంది. పక్క మిషన్ మీద కుట్టే కోనసీమ సత్యవతికి ఆ వాసనంటే తలనొప్పి. “రెడ్డెమ్మగారండీ, ఆ డబ్బా మూత పెట్టెయ్యండి బాబూ, తల పగిలిపోతోందండీ” అంటుంది. నాకేమో ఆ వాసన తగిలితే పండగపూట వంటింట్లో నిలబడినట్టుంటుంది. ఎందుకంటే నా లెక్కలో అది కుట్టుమిషన్ వాసన కాదు, ఆఫ్రికా అడవిదున్నను పడగొట్టడానికి కొన్న పెద్ద తుపాకి వాసన. ఈ మాట చెప్పిన రోజు సత్యవతి నన్ను పైనుంచి కిందదాకా చూసి, బటన్లు కుట్టుకునే మనిషికి ఇన్ని కోతలు ఎక్కడివండీ అని ముక్కు మీద వేలేసుకుంది.

కోతలు కావు. నా చదువు ఏడో తరగతి, అదీ సగమే. నన్ను బడి మాన్పించాలని మా లెక్కల టీచరు చాలా కష్టపడింది గాని ఆమె వల్ల కాలేదు, చివరికి పొరుగు దేశం సైన్యమే రావలసి వచ్చింది. ఆ సగం చదువులో నాకు మిగిలిన అంకెలు రెండే: మూడు వందల డెబ్బై ఐదు, నాలుగు వందల యాభై ఎనిమిది. రెండూ తుపాకి క్యాలిబర్లు, గొట్టం లోపలి వెడల్పు కొలతలు.

అప్పట్లో మేముండేది ఇక్కడికి దగ్గర్లోని ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక పెద్దింటి పెరట్లో కట్టిన రెండు గదుల్లో. మా నాయన వెంకట్రమణ ఆ ఇంటికి డ్రైవరు, అమ్మ వంటమనిషి. మాది రాయచోటి దగ్గర పల్లె, కులవృత్తి వడ్రంగం. ఇంటి యజమానిని మేం బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా అనేవాళ్లం. ఎండాకాలం సాయంత్రాల్లో సముద్రపు తేమ గోడలకు చెమటలా పట్టేది, ఏసీల నుంచి కారే నీళ్లు బకెట్లలో టపటపమనేవి, పెరట్లో ఖర్జూరం గెలలు పసుపు నుంచి గోధుమరంగుకు తిరిగేవి, అమ్మ ఊరినుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి జాడీ మూత తీస్తే ఆ ఘాటుకు మామా తన గదిలో కిటికీ మూసుకునేది. ఆ పెరట్లోనే చాప పరిచి, చాప మీద కేటలాగులు పరిచి, బాబా మా నాయనతో తలకాయకు తలకాయ ఆనించి బొమ్మలు చూసేవాడు. వచ్చే ఏడాది చలికాలం ఆఫ్రికాకు పోయి అడవిదున్నను వేటాడాలని ఆయన కోరిక. తన దగ్గరున్నది జింకలను కొట్టే పాత తుపాకి. దానితో దున్నను కొడితే దున్నకు కోపం మాత్రం వస్తుంది.

డ్రైవరు సలహా ఎందుకంటారా? మా తాత ఊళ్లో నాటు తుపాకులకు భుజాన ఆనే చెక్క చెక్కేవాడు. చెనిక్కాయ చేలల్లో పడే అడవిపందుల మీదికి పోయేవాళ్లంతా మా ఇంటి వాకిట్లో కూర్చుని కొలతలు ఇచ్చి పోయేవాళ్లట. నాయన చిన్నప్పుడే చేయి పొడవు, మెడ పొడవు, దవడ లావు కొలిచి చెక్క దిద్దడం నేర్చాడు. ఇప్పుడు నేను ఇక్కడి మగవాళ్ల పొడుగు అంగీలైన దిష్‌దాషాలకు కొలతలు తీస్తుంటే అచ్చం ఆయనలాగే పెదాలు బిగిస్తానట, అమ్మ అనేది.

చిక్కల్లా మామా తమ్ముడితో వచ్చింది. గోధుమరంగు గడ్డం, గట్టి గొంతు, ఇంట్లో ఏది కొన్నా దానికన్నా పెద్దది కొనమనే మనిషి. నాలుగు వందల యాభై ఎనిమిదే కొనాలి, తూటా బొటనవేలంత లావుంటుంది, దున్న అక్కడికక్కడే మోకాళ్ల మీద పడుతుంది అని ఆయన పట్టు. బాబా మనసు రోజుకోసారి అటూ ఇటూ ఊగేది. నాకు మాత్రం ఆ నెలలన్నీ దీపావళే. పుస్తకంలో గంగానది ఎక్కడ పుట్టిందో తెలియదు గాని, ఏ తూటా ఎంత బరువో, ఎంత దూరానికి ఎంత దిగుతుందో గడగడా చెప్పేదాన్ని.

నాయన రెండు తుపాకుల కొలతలూ కేటలాగులో చూసి, పెట్టెల చెక్కతో రెండు బొమ్మ తుపాకులు చేశాడు. లోపల తొలిచి, జాలర్లు వలలకు కట్టే సీసం గుళ్లు నింపి, అసలు తుపాకులు ఎంత బరువుంటాయో అంతే బరువు తెప్పించాడు. నీలి రంగుతో ఒకదాని మీద 375, ఇంకోదాని మీద 458 అని రాశాడు. వారం ఒకటి, వారం ఒకటి భుజాన వేసుకుని పెరట్లో తిరగమని బాబాకు ఇచ్చాడు. ట్రయల్ వేయకుండా కోటు కుట్టకూడదు కదా! బాబా మధ్యాహ్నం నిద్రపోతే ఆ రెండూ నావే. నీళ్ల ట్యాంకు నా అడవిదున్న. కోళ్ల గూడు వెనక పొట్ట మీద పాకి, గాలి ఎటునుంచి వీస్తోందో వేలు తడిపి చూసి, నోటితో ఢాం అనేదాన్ని. అమ్మ వంటింట్లోంచి “ఏమ్మే రెడ్డెమ్మా, ఆ ట్యాంకును నువ్వు ఇన్నిసార్లు సంపినావు, నీల్లు యాడినించి వస్తాయి మే మనకు?” అని కేకేసేది.

చలికాలం చివర్లో, ఎడారిలో పలచగా గడ్డి మొలిచిన రోజుల్లో, అసలు పరీక్ష జరిగింది. మామా తమ్ముడు స్నేహితుల దగ్గర రెండు క్యాలిబర్లవీ అడిగి తెచ్చాడు. పికప్‌లో వెనక నేను, అల్లం చాయ్ ఫ్లాస్కు, ఖాళీ నూనె పీపా. ముందు తానే పేలుస్తానని ఆ పెద్దదాన్ని ఎత్తాడు. ఢామ్మన్నాక పీపాకు ఏమీ కాలేదు గాని, ఆయన తలమీది నల్లతాడు ఎగిరిపోయి నా ఒళ్లో పడింది, ఆయన ఇసుకలో కూర్చుని ఎవరో పిలిచినట్టు నలుదిక్కులా చూశాడు. నవ్వితే నాయన ఉద్యోగం పోతుందని ఫ్లాస్కు మూతలో మొహం పెట్టుకున్నాను.

తర్వాత బాబా వంతు. నాయన నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు.

“పాపా, నువ్వు పీపా దిక్కు సూడొద్దు. ఆయన కన్ను సూడు. దెబ్బ రాకముందే మూస్తాండాడా, వచ్చినంక మూస్తాండాడా, అది చెప్పు నాకు. ముందే మూస్తే దెబ్బకు బయపడినట్టు, గురి తప్పుతాది.”

పెద్దదానితో మొదటిసారి బాగానే ఉంది. రెండోసారి రెప్ప వణికింది. మూడోసారి వేలు బిగించకముందే బాబా కన్ను గట్టిగా మూసుకుంది. మూడు వందల డెబ్బై ఐదుతో మూడుసార్లూ తెరిచే ఉంది. పీపాలో మూడు చిల్లులు, అరచేతితో కప్పేయొచ్చు. చూసింది చూసినట్టు చెప్పాను. నాయన బాబాకు ఎట్లా చెప్పాడో ఏమో గాని, బాబా నా నెత్తి మీద చేయి వేసి, మా పాప కళ్లే నా కేటలాగు అన్నాడు. మామా తమ్ముడు రెండు నెలలు ఆ ఇంటికి భోజనానికి రాలేదు.

ఆ మూడు వందల డెబ్బై ఐదు తుపాకి జూలైలో వచ్చింది. పెట్టె మూత తీస్తే నూనె వాసన, అక్రోటు చెక్క వాసన, లోపలి పచ్చబట్ట వాసన. అంగడతను నాకొక నమూనా తూటా ఇచ్చాడు, మందు లేనిది, పక్కన చిన్న చిల్లు పొడిచినది, ఇత్తడిది. దాన్ని పెన్సిల్ డబ్బాలో పెట్టుకున్నాను. వారం తిరక్కుండా బాబా వాళ్లు ఎండలకు లండన్ పోయారు. పోతూ పోతూ బాబా ఇంటి తాళాలు, తుపాకి గది తాళం నాయన చేతిలో పెట్టాడు.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున లేచేసరికి సముద్రం వైపునుంచి ఉరుములు. ఎండాకాలం ఉరుములేంటని అమ్మ ఆరేసిన బట్టలు తీయడానికి పోయింది. రోడ్డు మీద ట్యాంకులు. నీళ్లవి కావు.

కొద్దిరోజులకే ఒక మాట వచ్చింది: ఎవరింట్లో తుపాకి దొరికితే ఆ ఇంటి మగవాణ్ని పొరుగు దేశం సిపాయిలు తీసుకుపోతున్నారు, తీసుకుపోయినవాళ్లు తిరిగి రావడం లేదు. అమ్మ నాయన భుజం పట్టి గుంజింది.

“యో, దాన్ని తీసకపోయి సముద్రంలో పారెయ్యి. మనకేమన్నా మేనమామ ఇచ్చినాడా?”

“నమ్మి తాళాలిచ్చిపోయినాడు గదమే” అన్నాడు నాయన. తుపాకి నిండా గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ నీళ్ల గొట్టంలో దూర్చి, రెండు మూతులూ మూసి, తూటాల పెట్టెతో సహా కోళ్ల గూడు కింద పూడ్చాడు. పైన మళ్లీ కోళ్లు. కోళ్లకు ఇష్టంగానే ఉండింది.

ఆ నెలలోనే వినాయక చవితి. బెల్లం లేదు, కొబ్బరి లేదు, దొరికిన కాస్త బియ్యప్పిండిలో ఖర్జూరం పిసికి అమ్మ కుడుములు పెట్టింది. పత్రికి వేపాకు, గోరింటాకు, ఖర్జూరపు రెమ్మ. గోధుమపిండి వినాయకుడికి మిరియాల కళ్లు. మా ఇళ్లల్లో పిల్లలు ఆ రోజు బడి పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు పెడతారు, చదువు బాగా రావాలని. అమ్మ పుస్తకం పెట్టమని చెప్పి వంటింట్లోకి పోయింది. నేను ఆలోచించాను. లెక్కల పుస్తకం పెడితే లెక్కలే వస్తాయి. నాకు కావలసింది అది కాదు. పెన్సిల్ డబ్బా తెరిచి, ఇత్తడి తూటాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వినాయకుడి ముందు నిలబెట్టాను. చాలా అందంగా ఉండింది.

అప్పుడే గేటు తోశారు. నలుగురు సిపాయిలు, వాళ్లలో మీసాల పెద్దాయన ఒకడు. ఇద్దరు ఇనుప చువ్వలతో పెరట్లో మట్టి పొడుస్తూ ఖర్జూరం చెట్టు దగ్గరినుంచి మొదలుపెట్టారు. అక్కడినుంచి కోళ్ల గూటికి పది అడుగులు. మీసాలాయన మా గదిలోకి వచ్చాడు. అగరొత్తి పొగలోంచి చూశాడు. వంగి, బొట్టు పెట్టిన తూటాను రెండు వేళ్లతో ఎత్తాడు.

“వేన్ బందూక్?” అన్నాడు. తుపాకి ఎక్కడ?

కుడుముల పళ్లెంతో వంటింట్లోంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. బయట పొడుస్తున్న ఇద్దరూ చువ్వలు వదిలి లోపలికి వచ్చి నాయనను గోడకు నిలబెట్టారు. నాయన నా వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని ఆయనకు తెలుసు. నాకు ఆ క్షణాన గంగానది కూడా గుర్తొచ్చేదే! కాని తోచింది ఒకటే. మంచం కింద దూరి 375 అని రాసిన చెక్క తుపాకిని ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టాను. తూటా పక్కన ఉన్న చిల్లు వేలితో చూపించాను. “బేబీ... లాబ్... ఖేల్” అని, అది పిల్లల ఆట అని చెప్పడానికి నాకొచ్చిన మూడు భాషలూ ఒకేసారి వాడాను.

ఆయన తుపాకిని ఎత్తాడు. ఆ బరువుకు ఆశ్చర్యపోయాడు. భుజానికి ఆనించాడు. సరిగ్గా కుదిరింది, నాయన పనితనం. ఆనించి, దాని మూతి నెమ్మదిగా నా మొహం వైపు తిప్పాడు. నేను ఆయన కన్ను చూశాను. నా కన్ను మూయలేదు.

“తాఖ్!” అన్నాడు నోటితోనే, పేల్చినట్టు.

నేను అట్లాగే చూస్తున్నాను. ఆయన మీసం కింద ఏదో కదిలింది. పకపకా నవ్వాడు. సిపాయిలకు ఏదో చెప్పాడు, వాళ్లూ నవ్వారు, నాయనను వదిలారు. కుడుము ఒకటి నోట్లో వేసుకున్నాడు, ఖర్జూరం తగిలి ఇంకోటి తీసుకున్నాడు. తూటా జేబులో వేసుకుని, చెక్క తుపాకి తన పిల్లలకేమో భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ గూటి దగ్గర ఆగి, సరిగ్గా గొట్టం పూడ్చిన చోట రెండు కాళ్లూ ఆనించి నిలబడి, వంగి మా రెండు పెట్టల్ని పట్టుకుపోయాడు. మట్టిని మళ్లీ ఎవరూ పొడవలేదు.

గేటు మూసుకున్నాక అమ్మ నన్ను కొట్టిన దెబ్బలు లెక్కపెట్టే చదువు నాకు లేదు. “పుస్తకం పెట్టమంటే తూటా పెడతావా మే! మీ నాయన్ను సంపుకుంటుంటివి గదే!” అని కొట్టి, మళ్లీ కావలించుకుని, మళ్లీ కొట్టింది. నాయన అడ్డం రాలేదు. అంతా అయ్యాక నా పక్కన కూర్చుని ఒక్కటే అడిగాడు.

“కన్ను మూసినావా పాపా?”

“లేదు నాయనా.”

సెప్టెంబరులో బస్సులో బస్రా, బాగ్దాదు, జోర్డాన్ గుడారాలు దాటి, విమానంలో బొంబాయికి, అక్కడినుంచి రాయచోటికి చేరాం. బడి ఖలాస్. అమ్మ ఉన్నన్నాళ్లూ, ఆ పొద్దు పుస్తకం పెట్టింటే నీకు చదువొచ్చుండు అని దెప్పేది. ఆ పొద్దు తూటా పెట్టబట్టే వాళ్లు గూటి దాకా పొడవలేదు అని నాయన గొణిగేవాడు. ఆ వాదన మా ఇంట్లో ఇరవై ఏళ్లు నడిచింది.

యుద్ధం అయిపోయిన మరుసటేడు బాబా కబురు పెడితే నాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. బాబా గడ్డం పూర్తిగా నెరిసిపోయిందట. మామా తమ్ముడిని పట్టుకుపోయారు, మళ్లీ కనబడలేదు. ఇద్దరూ కలిసి గూటి కింద తవ్వారు. గ్రీజు తుడిస్తే తుపాకి నిన్న అంగడినుంచి తెచ్చినట్టుంది, చిన్న తుప్పు మచ్చ కూడా లేదు. బాబా దాన్ని భుజానికి ఆనించి ఖర్జూరం చెట్టు మీది ఆకాశానికి గురిపెట్టాడు. లోపల తూటా లేదు. అలవాటు కొద్దీ నాయన ఆయన కన్ను చూశాడు. వేలు బిగించకముందే మూసుకుంది. బాబా తుపాకి దించి, పచ్చబట్ట పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆఫ్రికా మాట మళ్లీ ఎత్తలేదు. ఆ దున్న ముసలితనం వచ్చి చచ్చిపోయుంటుంది, మా పేర్లు కూడా తెలియకుండా.

పెద్దయ్యాక కుట్టుపని నేర్చి నేనూ ఇక్కడికే తిరిగొచ్చాను. ఇప్పుడు ఫింటాస్‌లో ఆ ఇల్లు లేదు, అక్కడ పన్నెండంతస్తుల మేడ లేచింది. కోళ్ల గూడున్న చోట కార్లు నిలబెడుతున్నారు. బాబా లేడు, నాయన లేడు, అమ్మ లేదు. తుపాకిని ఆయన కొడుకులు సర్కారుకు అప్పగించారట. చవితికి నేను షాపులో వినాయకుడి ముందు కత్తెర, టేపు పెడతాను. సత్యవతి తన కొడుకు పుస్తకం పెడుతుంది. నూనె వేయడం అయ్యాక, పని మొదలుపెట్టే ముందు సూదిలో దారం ఎక్కించాలి. ఈమధ్య చూపు ఆనడం లేదు, ఒక కన్ను మూస్తే గాని దారం ఎక్కదు. మూసిన ప్రతిసారీ, నాయన పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది, గబుక్కున తెరుస్తాను. దారం తప్పిపోతుంది. మళ్లీ మొదటినుంచి.