రేడియో దుకాణం బోర్డు

తిరువూరులో బోర్డులు రాసే పెయింటరుగారికి ఒక నియమం ఉండేది. పని పూర్తికాగానే చదువురాని వారినెవరినైనా పిలిచి, అది ఏ దుకాణమో చెప్పమనేవారు.

హైదరాబాదుకు టెలివిజన్ వచ్చిన కొత్తలో, మా ఊరి రేడియో దుకాణదారు ఆ టీవీ కేంద్రం గుర్తును తన బోర్డుపై వేయించారు: రెండు వంపులు, నడుమ గుండ్రని చుక్క. పొలం నుంచి వస్తున్న, బడి మొహం చూడని మా నాన్నను పెయింటరుగారు ఆపారు.

“ఇదేం కొట్టు బాబాయ్?”

“కళ్ల డాక్టరుగారిదండి.”

“చెరిపెయ్యండి, నా బేరం పోద్ది!” అన్నారు దుకాణదారు.

పెయింటరుగారు పకపకా నవ్వి, గుర్తు చుట్టూ పెట్టె గీసి, పక్కన గుండీలు వేసి మళ్లీ అడిగారు.

“రేడియోకి కిటికీ పెట్టారేంటండీ!” అన్నారు నాన్న.

“పాసయ్యాం!” అంటూ ఆయన రంగు చేతులతోనే నాన్నను వాటేసుకున్నారు.

ఆ నీలిమరకల చొక్కానే నాన్న ఆదివారం చర్చికి తొడుక్కున్నారు. అడిగినవారందరికీ, ఆ బోర్డును పాసు చేసింది తానేనని చెప్పారు.