రంపం వెనకాల గోడ

ఫ్లాష్ వాడకుండా పనిముట్ల ఫోటోలు తీయాలని కాలేజీలో అసైన్‌మెంటు ఇచ్చారు. అందుకే ఈ రోజు మళ్లీ నాచారంలో యాదగిరి మామ వడ్రంగి షాపుకు వెళ్లాను. పోయిన వారం లోపలంతా చీకటిగా ఉండి ఒక్కటీ సరిగా రాలేదు. ఈ రోజు మాత్రం పక్క కిటికీలోంచి వెలుతురు ధారగా పడుతోంది. ఉలి అంచు, చిత్రిక పడితే రాలిన చెక్కపొట్టు కూడా మెరుస్తున్నాయి.

"మామా, గింత వెలుతురు ఎట్లొచ్చింది?" అన్నాను.

"పక్క షాపు అడ్డముండె గద బిడ్డా. నిన్న కూలగొట్టిన్రు. రోడ్డు ఎడల్పు జేస్తరంట," అన్నాడు మామ, ఉలి నూరుతూనే.

ఫ్రేములో అడ్డం వస్తోందని గోడకున్న పెద్ద రంపం దించాను. దాని వెనకాల మున్సిపాలిటీ వాళ్లు ఎర్ర రంగుతో వేసిన ఇంటూ గుర్తు ఉంది.

"దాన్ని మళ్ల తగిలియ్యి. గిరాకీలు సూస్తే ఆర్డర్లు ఇయ్యరు."

తగిలించాను. మామ నవ్వాడు. "వచ్చే వారం రా. పైనించి గూడ మస్తు వెలుతురొస్తది."

ఫోటోలు చాలా బాగా వచ్చాయి. వెలుతురు అన్న మాట నాకు చాలా ఇష్టం. వీటి కింద ఆ మాట రాయడానికి మాత్రం చేతులు రావడం లేదు. మీరైతే ఏం రాస్తారు?