పాలు పొంగిన గది

చందానగర్‌లో మేము నడిపే ఇంటిని చూసి చాలామంది హాస్టల్ అనుకుంటారు. మతి చెదిరో, తాగుడు వల్లో రోడ్డున పడి, ఆసుపత్రిలో కాస్త కుదుటపడినవాళ్ళకు అక్కడ తలా ఒక గది ఇస్తాం. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది. మందులూ వంటా చూసుకోవడం, అప్పుడప్పుడు కేకలెయ్యడం నా ఉద్యోగం.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన ఏళ్ళ తరబడి గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద పడుకున్న మనిషి. తాగుడు మానేశాడు, మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు. పేచీ ఒక్కటే. గదికి బయటినుంచి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, మెట్ల మీద పడుకునేవాడు.

"లోపల పడుకోవయ్యా!" అంటే, "గది ఎవలన్న తీసుకుంటరు మేడం. నేను కాపలుంట" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది, వెంటనే జాలేసేది.

ఒక ఉదయం కింది వాటాలో ఉండే ఓనరమ్మ పైకి వచ్చేసింది. "ఏంది మేడం గిట్ల? పక్కింటోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్రు. ఆయనను పంపియ్యి" అంది. పంపితే మళ్ళీ ఫ్లైఓవరే.

తాళం తీయించి గదిలోకి తొంగిచూసిందామె. మడత విప్పని దుప్పటి కనిపించింది.

"అన్నా, పాలు పొంగిచ్చినవా?"

ఆయన లేదని తలూపాడు.

"పాలు పొంగియ్యకుంటే ఇల్లెట్లయితది?" అని విసుక్కుంటూ వెళ్ళి గిన్నె, పాలు, చిన్న పొయ్యి తెచ్చింది.

పాలు అంచుదాకా లేచాయో లేదో, ఆయన ఠక్కున పొయ్యి ఆపేశాడు. ఒకప్పుడు టీకొట్టులో పనిచేశాడు. అక్కడ పాలు పొంగిపోతే వీపు విమానం మోత మోగేదట.

"పొంగనియ్యి! గిది నీ ఇల్లు" అంది ఓనరమ్మ.

రెండోసారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పాలు పొంగి నేల మీదికి కారాయి. ఎవరైనా తిడతారేమోనని మా ఇద్దరి మొహాలూ చూశాడు. నాకు ఏడుపొచ్చింది. తుడవాల్సింది నేనేగా అని గొణిగి కప్పిపుచ్చుకున్నాను.

"ఇగ మెట్ల మీద కనవడితే మాత్రం నేనూకోను" అని ఆమె దిగి వెళ్ళింది.

మర్నాడు టీ పట్టుకెళ్తే మెట్ల మీద ఆయన లేడు. ఎటైనా వెళ్ళిపోయాడేమోనని గది దగ్గరికి పరుగెత్తాను. తలుపు తట్టాను.

"ఎవలది?" అని లోపలినుంచి గద్దించాడు.

ఇన్నేళ్ళూ ఆయన్ని ఆ మాట అడగని వాచ్‌మన్ లేడు, పోలీసు లేడు.

"నేనేనండీ" అన్నాను. ఆయన తలుపు తీసేదాకా బయటే నిలబడ్డాను.